తుమ్మెద దారి

గోడ మీది పటంలో
కుగారుక్ నుంచి నవుయాత్‌కి
నా వేళ్ళు నాలుగు.
స్కేలు పెట్టి లెక్క కడితే
రెండు వందల డెబ్భై కిలోమీటర్లు, అటూ ఇటూగా.
మధ్యలో ఊరు లేదు, దీపం లేదు.
గడ్డకట్టిన చెరువులు, గాలి చెక్కిన మంచు గట్లు,
ఎటు పోవాలో మనిషికి చెప్పడానికి
ఎవరో ఎప్పుడో పేర్చిపోయిన రాళ్ళు.

విమానానికి ఆ దారి తెలీదు.
ఇక్కణ్ణించి పడమటికి లేచి
దారిలో దిగి, మళ్ళీ లేచి, ఎల్లోనైఫ్.
అక్కడ ఒక రాత్రి హోటలు.
మర్నాడు వెనక్కి తిరిగి తూర్పున రాంకిన్ దాకా.
అక్కడ గాలి దయ తలిస్తే
చిన్న విమానంలో ఉత్తరానికి, నవుయాత్.
మూడు వేల కిలోమీటర్లకి కాస్త తక్కువ.
ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడం.
దానికో ధర.
ఆ ధర పైకి చదవడం నా ఉద్యోగం.

ఏప్రిల్ రెండో వారం, బయట మైనస్ ఇరవై ఆరు.
మాక్పా వచ్చింది. చేతి తొడుగు పళ్ళతో లాగి
కౌంటరు మీద డబ్బు పెట్టింది.
"మా ఆయన్ని చూడ్డానికెళ్ళాలి."

నేను ఆశ్చర్యపోలేదు.
ఇగుట్టాక్ అక్టోబరులో పోయాడు.
మార్చిలో నవుయాత్‌లో మనవరాలికి పిల్లాడు పుడితే
ఆ పేరే పెట్టారు.
మా దగ్గర పేరు ఒంటరిగా రాదు,
మనిషిని వెంటేసుకొస్తుంది.
కాబట్టి ఆ నెల పిల్లాడు
మాక్పాకి మొగుడు,
కన్నతల్లికి తాత,
నాకు పాత బాకీ: ఒక డ్రమ్ము పెట్రోలు.

ఇగుట్టాక్ అంటే తుమ్మెద.
మా నేల మీద పూలకి వ్యవధి తక్కువ.
మా తుమ్మెదలు వంకర తిరగవు.

"ఎల్లోనైఫ్ మీదుగా పోవాలత్తా," అన్నాను.
ఆమె నన్ను చూడలేదు, తూకం వైపు చూసింది.
ఈ తూకం మీద చేపల పెట్టెలు తూచాను,
బండి చక్రాలు, పిల్లల పాల డబ్బాలు,
అక్టోబరులో ఒకసారి
ఆయన పేరు రాసిన పొడుగాటి పెట్టె.
అదీ అటునుంచే వచ్చింది.
ఆసుపత్రి నుంచి చివరిసారి ఫోన్ చేసినప్పుడు
"ఇక్కడ చెట్లు అడ్డం, ఏమీ కనపడదు," అన్నాట్ట.

"ఆయన్ని పోగొట్టుకున్న ఊరి మీదుగా
ఆయన దగ్గరికి పొమ్మంటావా?"
అడిగింది, కోపం లేకుండానే.
నేను టికెట్ కొట్టాను. ఇంకేం చెయ్యను?
మడిచి బూటులో దోపుకుంది.

బుధవారం పంకాలు తిరుగుతున్నాయి.
పేరు రెండుసార్లు పిలిచాను.
హాల్లో ఏడు కుర్చీలు,
ఏడుగురూ కిటికీలోంచి తూర్పుకే చూస్తున్నారు.
అందరికీ తెలుసు, నాకు తప్ప.
ప్రయాణికురాలు రాలేదు, అని టైపు చేశాను.

ఆ వేళకి ఆమె అక్క కొడుకు ఉక్పిక్ స్లెడ్జి మీద
దుప్పి చర్మంలో చుట్టుకుని
రెండో రోజు ప్రయాణంలో ఉంది.
ముసలాయన టీకి ఆగే చోటల్లా
తాడు లాగి "ఇక్కడ" అనేదట.
ఒకచోట రాళ్ళగుట్ట కనపడక
గంటసేపు కొండతో పోట్లాడిందట.
కొండే తగ్గిందని ఉక్పిక్ చెప్పాడు.

శుక్రవారం నా కౌంటరుకి ఫోను.
"డబ్బు వెనక్కిస్తారా?"
"ఇవ్వరత్తా."
"పోనీలే."
కాసేపు వెనకాల కెటిల్ ఈల, ఎవరివో నవ్వులు.
"మా ఆయనకి పళ్ళు లేవే. నా ఒళ్ళో ఉచ్చ పోశాడు.
నన్ను చూసి ఎవరో తెలీనట్టు మొహం పెట్టాడు,
పెళ్ళైన కొత్తలోలాగే."
తర్వాత గొంతు తగ్గించి,
"నీ పెట్రోలు సంగతి అడిగాను.
గుర్తు లేదంటున్నాడు."